అరుదైన ఆంగ్ల పదాలు గుర్తుండాలంటే

రోజుకు 30 చొప్పున అరుదైన ఆంగ్ల పదాలను జాబితా చూసి కంఠస్థం చేస్తున్నా వారం తిరిగేసరికి మరచిపోతున్నానని, గుర్తున్నవి కూడా రాసేటప్పుడు తట్టడం లేదని మీరు రాశారు. లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు, పద్ధతిలోనే ఉంది.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపినట్లు, కొత్తగా నేర్చినదాన్ని తిరిగి తలచుకోకపోతే అందులో చాలా భాగం తొలి రోజుల్లోనే జారిపోతుంది. కాబట్టి రోజుకు ఐదారు పదాలకే పరిమితమై, వాటి అర్థాలను మరునాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు పుస్తకం చూడకుండా గుర్తుచేసుకోండి.

అంతకన్నా ముఖ్యంగా, పదాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు. మాట్లాడటం అనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువు నుంచి ఎలోక్వెంట్, లొక్వేషస్ రెండూ పుట్టాయి. మొదటిది వాగ్ధాటిని మెచ్చుకుంటుంది, రెండవది అతిగా మాట్లాడే స్వభావాన్ని ఎత్తిచూపుతుంది. ఒక వక్తను రెండవ పదంతో పొగడబోతే అది నిందే అవుతుంది. అలాగే మిటిగేట్ అనే క్రియ రిస్క్, డ్యామేజ్ వంటి పదాల సరసన చక్కగా కుదురుతుంది గానీ, తగ్గించడమే కదా అని ధర పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందువల్ల ప్రతి పదాన్నీ మీరు చదివిన వాక్యంతో సహా నోటుపుస్తకంలో ఎక్కించి, దాని కింద మీకు బాగా తెలిసిన విషయం మీద సొంత వాక్యం ఒకటి రాయండి.

తేలిక మాట సరిపోయే చోట దాన్ని మార్చనక్కరలేదు. ప్రస్తుతానికి ఆ జాబితాను పక్కన పెట్టి, మీకు ఆసక్తి ఉన్న రంగంలోని వ్యాసాలు చదువుతూ, వాటిలో రెండుమూడు సార్లు తారసపడిన పదాలనే ఎంచుకోండి.