పది నిమిషాల పని అరగంట ఎందుకవుతోంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మా వారు, నేను ఇద్దరం ఉద్యోగం చేస్తాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పరుగే, అయినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. రాత్రి పడుకుంటే రేపటి పనులన్నీ గుర్తొచ్చి నిద్ర పట్టదు. మొన్న సాక్సు ఒకటి దొరకలేదని బాబు మీద గట్టిగా అరిచాను. వాడు ఏడుస్తూనే స్కూలుకు వెళ్లాడు. నాకు టైమ్ సర్దుకోవడం చేతకాదా?

జవాబు: ఆ సాక్సు దగ్గరే మొదలుపెడదాం. అది వెతికితే పట్టేది రెండు నిమిషాలు. ఆ పూట మీ దగ్గర ఆ రెండు నిమిషాలు కూడా లేవు, అందుకే అంత కోపం వచ్చింది. మీరు చెడ్డ తల్లి అయిపోలేదమ్మా. రోజును సందు లేకుండా పనులతో కుక్కేశారు, అంతే.

ఏ పనికైనా పట్టే టైమ్‌ను మనం తక్కువగా లెక్కేసుకుంటాం. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. క్రితంసారి ఎంతసేపు పట్టిందో తెలిసినా, ఈసారి ఏ అడ్డమూ రాదనుకుంటాం. అందుకని ఒక వారం ఏమీ మార్చకండి. పొద్దున ఏ పనికి ఎంతసేపు పడుతోందో గడియారం చూసి రాసుకోండి. పిల్లల్ని తయారుచేయడం ఇరవై నిమిషాల పని అనుకుంటారు, కాగితం మీద నలభై కనిపించొచ్చు. అప్పుడు నలభై ఇవ్వండి. పైన ఇంకో పది నిమిషాలు దేనికీ కేటాయించకుండా వదిలేయండి. దొరకని సాక్సులకు అవి కావాలి.

ఆ టైమ్ ఎక్కడి నుంచి తేవాలంటారా? ఇంకా ముందు లేవమని మాత్రం చెప్పను. ఉన్న నిద్ర తగ్గిస్తే చిరాకే పెరుగుతుంది. మీ ఉత్తరంలో మీ వారి మాట ఒక్కసారే వచ్చింది, ఉద్యోగం చేస్తారని. ఇంట్లో ఏం చేస్తారో రాయలేదు. ఆయన్ని "కాస్త సాయం చేయండి" అని అడగకండి. అలా అడిగితే పని మీదే అవుతుంది, గుర్తుపెట్టుకునే బరువూ మీ మీదే ఉంటుంది. స్కూలు బ్యాగులు, ఫీజులు, హోంవర్కు లాంటివాటిలో రెండైనా పూర్తిగా ఆయనకే అప్పగించండి. మొదట్లో తప్పులు జరుగుతాయి. జరగనివ్వండి, మధ్యలో వెనక్కి తీసుకోకండి.

ఇక నిద్ర. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ పరిశోధకులు 57 మంది యువతతో చేసిన చిన్న అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా నిద్ర పట్టిందట. మీరూ "ఆఫీసు పని" అని కాకుండా "పదింటికి రిపోర్టు పంపాలి" అని రాయండి. కొన్ని వారాలు చూసినా నిద్ర కుదరకపోతే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. బాబును పక్కన కూర్చోబెట్టుకుని "ఆ రోజు నేను అరవకుండా ఉండాల్సింది నాన్నా" అని చెప్పండి. వాడికి అర్థమవుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి రేపటి సాక్సులు తీసి బూట్లలో పెట్టేయండి.