హెచ్-ఇండెక్స్ 3 అంటే మరీ తక్కువా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది. గూగుల్ స్కాలర్‌లో తన హెచ్-ఇండెక్స్ 3. మా తోడల్లుడి కొడుకుది 19 అట, వాడూ సైన్సే. మొన్న పెళ్లిలో పదిమంది ముందూ ఈ మాట వచ్చింది. అమ్మాయి వెనకబడినట్టేనా?
– ఓ తండ్రి, భీమవరం

జవాబు: ముందు ఆ 3 ఎలా వస్తుందో చూడండి. ఒక పేపర్‌ని ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో అవే దాని సైటేషన్లు. సైటేషన్లు ఎక్కువున్న పేపర్ నుంచి వరుసగా పెట్టి, ఎన్నో పేపర్ అయితే కనీసం అన్ని సైటేషన్లు ఉన్నాయా అని చూస్తూ పోతే, చివరిగా సరిపోయిన అంకే హెచ్-ఇండెక్స్. ఐదు పేపర్లున్నాయనుకుందాం, వాటికి వరుసగా 40, 12, 5, 3, 1 సైటేషన్లు. మూడోదానికి కనీసం 3 కావాలి, 5 ఉన్నాయి, సరే. నాలుగోదానికి 4 కావాలి, 3 దగ్గరే ఆగింది. అంతే, ఇండెక్స్ 3. మొదటి పేపర్‌కి 40 బదులు నాలుగు వేలొచ్చినా మారదు! 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. ఏళ్లు గడిచేకొద్దీ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు కాబట్టి సీనియర్లకి ఎలాగూ ఎక్కువే ఉంటుంది.

సైటేషన్లు దేనికొస్తాయో కూడా చెప్పలేం. ఉల్రిక్ లెమ్లి అనే స్విస్ శాస్త్రవేత్త 1970లో కేంబ్రిడ్జ్‌లో ఉండగా, బ్యాక్టీరియా మీద పడే టీ4 వైరస్ తల ఎలా తయారవుతుందో నేచర్ అనే సైన్స్ పత్రికలో రాశారు. దానికి రెండు లక్షలకు పైగా సైటేషన్లు, అదీ వైరస్ తల కోసం కాదు, ప్రొటీన్లను సైజుల వారీగా విడదీయడానికి ఆయన వాడిన జెల్ కోసం! మీ అమ్మాయీ ఆ జెల్ పోసే ఉంటుంది, అడగండి. తర్వాత ఆయన క్రోమోజోమ్ లోపలి కట్టడం మీద ఏళ్ల తరబడి చేసిన పని నా దృష్టిలో ఇంకా గొప్పది, కానీ సైటేషన్లలో జెల్ ముందు ఆనదు.

మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ఇచ్చారు, నీలం రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువన్నమాట. అలాంటి పద్ధతి మామూలైపోయాక, దాన్ని వాడుతూనే అసలు పేపర్ పేరు రాయడం మానేసేవాళ్లు ఎందరో.

కాబట్టి ఈసారి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చుని, తన పేపర్‌ని ఎవరు ఎందుకు ఉదహరించారో చూపించమనండి. సొంత ల్యాబ్ వాళ్లేనా, ఎక్కడో ఎవరో నిజంగా వాడుకున్నారా? తోడల్లుడి గారినైతే, అబ్బాయి పీహెచ్‌డీ ఎన్నేళ్ల క్రితం అయిందో ఒక్కసారి అడగండి.