ఒకే ఇంప్రెషన్‌కు రెండు మార్కులు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో డెంటల్ అసిస్టింగ్ (దంతవైద్యులకు సహాయకులను తయారుచేసే) కోర్సు బోధకురాలిగా చేరిన నువ్వు, మీ క్లినిక్‌లో ముగ్గురు బోధకులూ ఒకే పనికి మూడు రకాలుగా మార్కులు వేస్తున్నారని పిల్లలు బాధపడుతున్నట్టు రాశావు. అది న్యాయమైన బాధ.

నేను బోధకురాలిగా చేరిన కొత్తలో, ఒక విద్యార్థిని తీసిన పైదవడ ఆల్జినేట్ ఇంప్రెషన్‌కు (నోట్లో పెట్టి గట్టిపడనిచ్చే మెత్తటి ముద్దతో తీసే పళ్ల అచ్చుకు) నేను పదికి తొమ్మిది వేస్తే, నా సహోద్యోగిని ఆరు వేసింది. ఇద్దరమూ దాన్ని దీపం కింద పెట్టి చూశాం. అంగిలి భాగంలో పెద్ద గాలి బుడగ ఒకటి, మొదటి దవడపన్ను నమిలే భాగంలో ఆవగింజంత బుడగ మరొకటి కనిపించాయి. అంగిట్లోది, ఆ అచ్చులో పోసి తయారుచేసే పళ్ల నమూనాకు, అంటే స్టడీ మోడల్‌కు, పెద్దగా అడ్డు రాదు. పంటి మీదిది మాత్రం, స్టోన్ (గట్టిపడే జిప్సం ముద్ద) పోయగానే మోడల్ మీద బొడిపెగా లేచి, పైపళ్లూ కిందిపళ్లూ సరిగా కలవకుండా చేస్తుంది. చిన్నదని నేను దాన్ని వదిలేశాను. ఆమె అంగిట్లోదానికి మార్కులు కోసింది. మా ఫారంలో ‘బుడగలు ఉండకూడదు’ అన్న ఒక్క మాటే ఉండడం వల్ల, మిగిలినదంతా ఎవరికి తోచినట్టు వారు పూరించుకున్నాం.

అందుకని ముందు ఫారం మార్చండి. ఏ బుడగ, ఎక్కడ ఉంటే, ఎన్ని మార్కులు పోతాయో రాయండి. తరువాత సెమిస్టరు మొదలవకముందే ముగ్గురూ కూర్చుని, పేర్లు లేని అవే ఇంప్రెషన్లకు విడివిడిగా మార్కులు వేసి, ఆ తరువాతే కాగితాలు తెరవండి. పెద్దవారు ముందు నోరు విప్పితే మిగిలినవారు అటే మొగ్గుతారు కనుక, ఈ క్రమం తప్పవద్దు. తేడా వచ్చినచోట సగటు తీసి సరిపెట్టుకోకండి. ఎవరు ఏమి చూశారో అడగండి.

పరికరాలు అందించే పరీక్షలో చిక్కు మరొకటి. పక్కనే నిలబడి ‘ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్’ (పళ్లను తడిమి చూసే సన్నని మొనగల పరికరం) అని గుర్తుచేసే బోధకురాలి దగ్గర అందరూ నెగ్గుతారు. చెప్పి చేయించినదీ, తానుగా చేసినదీ ఫారంలో వేరువేరు గడులుగా ఉండాలి. కలుషితమైన గ్లవ్‌తో డ్రాయరు తెరిస్తే మాత్రం, మిగతా పని ఎంత బాగున్నా, ముగ్గురి దగ్గరా ఆ ప్రయత్నం తప్పినట్టే లెక్క కావాలి.

కోడా (అమెరికాలో దంతవైద్య కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న మీలాంటి కోర్సుల్లో పిల్లలు కనీసం 300 గంటలు క్లినికల్ పని చేయాలి కదా. రోగి నోటి దగ్గరకు ఎవరిని పంపవచ్చో తేల్చేది మీరు వేసే ఈ మార్కులే.

ఆల్జినేట్ నిలవ ఉంటే ఎండి కుంచించుకుపోతుంది. కాబట్టి ఈ వారం వచ్చిన ఇంప్రెషన్లను అప్పటికప్పుడే ఫొటోలు తీసి దాచు. ఆరు వారాల తరువాత నీ పాత మార్కులు చూడకుండా వాటికే మళ్లీ మార్కులు వేసి, రెండు కాగితాలూ నాకు పంపు.

ఇట్లు,
నీ పెద్దమ్మ