కాన్పు నాటి రక్తస్రావం, ఏడేళ్ల నీరసం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34 ఏళ్లు. ఏడేళ్ల కిందట రెండో కాన్పులో మాయ పడక విపరీతంగా రక్తం పోయి, స్పృహ తప్పితే నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. బాబుకు ఒక్క చుక్క పాలు పడలేదు, వాడు డబ్బా పాలతోనే పెరిగాడు. అప్పటి నుంచి నెలసరి రాలేదు. ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుంటాను, చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి, బిందె ఎత్తితే ఆయాసం. రక్తహీనత అన్నారు, ఆ తర్వాత మనసులో దిగులు అన్నారు. మూడుసార్లు థైరాయిడ్ పరీక్ష చేయించాను, చివరిసారి టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది, నార్మల్ అన్నారు. కిందటి వర్షాకాలంలో జ్వరం, వాంతులతో పడిపోతే సోడియం 116కు తగ్గిందని సెలైన్ పెట్టి పంపేశారు. ఈమధ్య ఒక డాక్టరు గారు లక్షణాలన్నీ థైరాయిడ్‌వేనని మాత్రలు ఇస్తే, పది రోజులకే కళ్లు తిరిగి నిలబడలేక మానేశాను. ఇంకా ఏ పరీక్ష చేయించుకోవాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'ఒక్క చుక్క పాలు పడలేదు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం సరికాదు కానీ, కాన్పులో అంత రక్తం పోవడం, పాలు పడకపోవడం, ఆ తర్వాత నెలసరి తిరిగి రాకపోవడం అనే ఈ మూడూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు ముందుగా అనుమానించవలసింది షీహాన్ సిండ్రోమ్‌ను. హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1937లో దీన్ని వివరంగా వర్ణించారు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి గర్భిణుల్లో పెద్దదవుతుంది, దానికి అందే రక్తం మాత్రం తక్కువ ఒత్తిడితో ప్రవహిస్తుంది. అలాంటి సమయంలో ఒంట్లోని రక్తం ఒక్కసారిగా పోయి బీపీ పడిపోతే ఆ గ్రంథిలో కొంత భాగమో, చాలా భాగమో చచ్చిపోతుంది. చనుబాలకు, నెలసరికి, థైరాయిడ్‌కు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు ఆదేశాలు పంపేది అదే కనుక ఒకదాని తర్వాత ఒకటిగా అన్నీ మందగిస్తాయి.

ఇక మిమ్మల్ని ఇన్నేళ్లూ తిప్పిన టీఎస్‌హెచ్ సంగతి. పీయూష గ్రంథిని మేస్త్రీ అనుకోండి, థైరాయిడ్‌ను కూలీ అనుకోండి. కూలీ పని తగ్గిస్తే మేస్త్రీ కేకలు పెంచుతాడు, ఆ కేకే టీఎస్‌హెచ్. మామూలు థైరాయిడ్ లోపంలో అది పెరిగేది అందుకే. మేస్త్రీ గొంతే పోయినప్పుడు కూలీ ఖాళీగా కూర్చున్నా కేక పెరగదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గానో, తక్కువగానో, ఒక్కోసారి కొద్దిగా ఎక్కువగానో కూడా కనిపించవచ్చు. చవకగా దొరికే కొన్ని ప్యాకేజీల్లో ఉండేది ఈ ఒక్క పరీక్షే కాబట్టి, మీలాంటివారికి రక్తంలోని థైరాయిడ్ హార్మోనునే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 కూడా తప్పనిసరిగా చూడాలి. నీరసమని వచ్చిన స్త్రీని ఏడేళ్ల కిందటి కాన్పు ఎలా జరిగిందని అడిగే తీరిక మా వైద్యులలో చాలామందికి ఉండదన్నది కూడా ఒప్పుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోను. థైరాయిడ్ మాత్రతో మీరు మరింత కుంగిపోవడం, వాంతుల సమయంలో సోడియం అంతగా పడిపోవడం, ఈ రెండూ కార్టిసాల్ లోపాన్ని బలంగా సూచిస్తున్నాయి. థైరాయిడ్ హార్మోను ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. అందుకే కార్టిసాల్ లోపం ఉన్నవారికి ముందు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మందు ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర అయిన థైరాక్సిన్ మొదలుపెట్టాలి. ఈ వరుస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇంట్లో మిగిలిన ఆ మాత్రలను మళ్లీ ముట్టుకోకండి.

పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం ఇచ్చి కార్టిసాల్, ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్, చనుబాలకు సంబంధించిన ప్రొలాక్టిన్, నెలసరికి సంబంధించిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు, సోడియం, పరగడుపు షుగర్ చూపించండి. సాయంత్రం తీసిన కార్టిసాల్ సహజంగానే తక్కువ ఉంటుంది, దానితో ఏమీ తేలదు. ఉదయపు కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం దాదాపు ఖాయం, 15 దాటితే లోపం ఉండే అవకాశం తక్కువ, మధ్యలో ఉంటే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలుస్తారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అవి థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేస్తాయి. కీళ్ల నొప్పులకు వేయించుకున్న ఇంజెక్షన్లు, ముఖం తెల్లబడటానికి రాసే క్రీములు, పేరు తెలియని పొట్లం మందులు ఏవైనా ఉంటే దాచకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కార్టిసాల్ దానివల్లే తగ్గి ఉండవచ్చు. హార్మోన్లలో లోపం తేలితే ఎమ్‌ఆర్‌ఐ తీస్తారు, అందులో పీయూష గ్రంథి ఉండవలసిన గూడు ఖాళీగా కనిపించడం ఈ జబ్బులో మామూలే.

మీరు వెళ్లవలసింది హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగానికి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలో ఆ విభాగం ఉంది. వారాల తరబడి వాయిదా వేయకండి. ఈలోగా వాంతులు, జ్వరం, కళ్లు తిరగడం వస్తే దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, పీయూష గ్రంథి లోపం అనుమానం ఉందని, సోడియం ఒకసారి 116కు పడిపోయిందని మొదటి మాటగా చెప్పండి. సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరమవుతుందేమో వాళ్లు చూసుకుంటారు.

జబ్బు నిర్ధారణ అయితే మందులు జీవితాంతం వాడాలి. అవి ఖరీదైనవి కావు, హైడ్రోకార్టిసోన్ మొదలైన కొద్ది రోజుల్లోనే ఒంట్లోకి సత్తువ వచ్చిందని చాలామంది చెబుతారు. తర్వాత థైరాక్సిన్ మోతాదును టీఎస్‌హెచ్ చూసి కాక ఫ్రీ టీ4 చూసి సవరించాలని గుర్తుంచుకోండి, తెలియనివారు టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని మాత్ర తగ్గించేస్తుంటారు. నెలసరికి, ఎముకల బలానికి వేరే హార్మోన్లు ఇస్తారు.

వెళ్లేముందు ఆ కాన్పు నాటి డిశ్చార్జి కాగితం వెతకండి. దొరక్కపోతే మీరే ఒక తెల్లకాగితం మీద కాన్పు తేదీ, ఎక్కించిన రక్తం, పాలు పడకపోవడం, చివరి నెలసరి ఎప్పుడన్నది నాలుగు వరుసల్లో రాసి, థైరాయిడ్ రిపోర్టులకంటే పైన పెట్టి ఇవ్వండి.