మూడో పార్టీకి వేస్తే ఓటు మురిగిపోయినట్టేనా?

ప్రశ్న: మేం జార్జియాలో ఆల్ఫరెట్టాలో ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చింది, వచ్చే ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో మొదటిసారి ఓటేస్తాను. నాకు డెమొక్రాట్లూ నచ్చట్లేదు, రిపబ్లికన్లూ నచ్చట్లేదు, చిన్న పార్టీల్లో మంచి మనిషి నిలబడితే వేద్దామనుంది. మా బావగారేమో "గెలవనివాళ్లకి వేసి ఓటు మురగబెట్టుకుంటావా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ బావగారి మాట ప్రెసిడెంట్ ఓటు వరకు చాలావరకు నిజమేనండి, మిగతా ఓట్లకి మాత్రం కాదు. మీ బ్యాలెట్ మీద ప్రెసిడెంట్ ఒక్కడే ఉండడు కదా, కాంగ్రెస్ మెంబరు, ఒక్కోసారి సెనేటరు, స్టేట్ సభల వాళ్లు, కౌంటీ పోస్టులు అన్నీ ఉంటాయి, దేని లెక్క దానిదే.

ప్రెసిడెంట్‌కి జార్జియాలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, రాష్ట్రానికున్న 16 ఎలక్టోరల్ ఓట్లూ (ప్రెసిడెంట్ ఎవరో చివరికి తేల్చేవి ఇవే) వాళ్లకే పోతాయి, రెండో వాళ్లకీ మూడో వాళ్లకీ సున్నా. 1992లో రాస్ పెరోకి దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లొచ్చినా ఒక్క ఎలక్టోరల్ ఓటు రాలేదు, ఎందుకంటే ఆ ఓట్లు అన్నిచోట్లా పలచగా పరుచుకున్నాయి. అదే 1968లో జాతి వేర్పాటు వాదంతో నిలబడ్డ జార్జ్ వాలెస్‌కి 13 శాతం పైచిలుకే వచ్చినా, అవన్నీ దక్షిణాదిలో ఒకచోట పడటంతో మీ జార్జియాతో సహా 5 రాష్ట్రాలు గెలిచాడు, 46 ఎలక్టోరల్ ఓట్లొచ్చాయి. అంటే ఎన్ని ఓట్లన్నదే కాదు, ఎక్కడ పడ్డాయన్నదీ ముఖ్యమే.

2000లో ఫ్లోరిడా సంగతి మీరు వినే ఉంటారు. రిపబ్లికన్ బుష్ అక్కడ 537 ఓట్లతో బయటపడి ప్రెసిడెంట్ అయ్యాడు, గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నాదర్‌కి అదే రాష్ట్రంలో 97 వేల పైన వచ్చాయి. నాదర్ లేకపోతే వాళ్లంతా డెమొక్రాట్ అల్ గోర్‌కే వేసేవాళ్లని చెప్పలేం, కొందరు అసలు పోలింగ్‌కే వచ్చేవాళ్లు కాదు, కానీ 537 ముందు ఆ సంఖ్య ఎంత పెద్దదో చూడండి. ఆ ఓటర్లని తిట్టడం మాత్రం నాకు నచ్చదు, ఎవరి ఓటూ ఏ పార్టీకీ బాకీ లేదు. 2020లో మీ జార్జియాలో బైడెన్ మెజారిటీ 12 వేల లోపే, లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ అభ్యర్థికి 62 వేల పైన వచ్చాయి. ఇంత హోరాహోరీగా ఉండే రాష్ట్రంలో ప్రెసిడెంట్ వరకైతే డెమొక్రాట్, రిపబ్లికన్ ఇద్దరిలో ఎవరొస్తే మీకు ఎక్కువ నష్టమో చూసుకుని రెండోవాళ్లకి వెయ్యమనే చెప్తాను. మీరు కాలిఫోర్నియాలో ఉండుంటే, ఫలితం ముందే తెలిసిపోయిన చోట కాబట్టి, మనసుకి నచ్చినవాళ్లకి హాయిగా వెయ్యమనేవాణ్ణి.

సెనేట్ దగ్గరికొస్తే మీ రాష్ట్రంలో రూలు వేరు, సగానికి పైన ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ, దాన్నే రనాఫ్ అంటారు. 2022లో డెమొక్రాట్ వార్నాక్‌కి 49.4 శాతం, రిపబ్లికన్ వాకర్‌కి 48.5 వస్తే లిబర్టేరియన్ అభ్యర్థి ఛేజ్ ఆలివర్ తెచ్చుకున్న 2 శాతంతో ఎన్నిక డిసెంబర్ దాకా సాగింది, అప్పుడు ఆ 2 శాతం మంది కోసం ఇద్దరూ తిరగాల్సొచ్చింది. ఇలాంటి చోట మూడో పార్టీకి వేసినా, రనాఫ్ జరిగితే మీ చేతిలో ఇంకో ఓటు ఉంటుంది, అందుకే ధైర్యంగా వెయ్యండి, కాకపోతే రనాఫ్ రోజు ఇంట్లో కూర్చోకూడదు.

కౌంటీ, స్కూల్ బోర్డు పోటీల్లో అసలు ఎవరు నిలబడ్డారో చూసేవాళ్లే తక్కువ. పిల్లల స్కూళ్లు, రోడ్లు, మీరు కట్టే ప్రాపర్టీ ట్యాక్స్, అన్నీ అక్కడే తేలతాయి. మీ జార్జియా వాళ్లకి మై ఓటర్ పేజ్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో శాంపిల్ బ్యాలెట్ ముందే దొరుకుతుంది, అది దగ్గర పెట్టుకుని ఒక్కో పేరూ చూడండి.

ప్రశ్న: మన దగ్గర చిన్న పార్టీలు పొత్తు పెట్టుకుని బతుకుతాయి, అమెరికాలో అలా కుదరదా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: చాలా రాష్ట్రాల్లో కుదరదండి. మన దగ్గర 2009లో ప్రజారాజ్యం ఒంటరిగా దిగితే 16 శాతం పైన ఓట్లొచ్చినా 294లో 18 సీట్లే, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో ఒక్క రాజోలే గెలిచిన జనసేన, 2024లో పొత్తులో 21 చోట్ల నిలబడి 21 గెలిచింది. అమెరికాలో దీనికి కాస్త దగ్గరగా ఉండేది న్యూయార్క్ పద్ధతి, అక్కడ ఒకే అభ్యర్థి రెండు పార్టీల పేరుతో బ్యాలెట్ మీద ఉండొచ్చు, ఓట్లు కలిపి లెక్కేస్తారు, చిన్న పార్టీకి తన వల్ల ఎన్ని వచ్చాయో విడిగా తెలుస్తుంది. మెయిన్ అనే రాష్ట్రంలో ఇంకో దారి పట్టారు, మన గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రాధాన్య ఓట్లలాగే 1, 2, 3 అని వెయ్యొచ్చు. 2018లో అక్కడ ఒక కాంగ్రెస్ సీటులో మొదటి లెక్కలో వెనకపడ్డ జారెడ్ గోల్డెన్, చిన్న అభ్యర్థుల ఓటర్ల తర్వాతి ప్రాధాన్యాలు కలిశాక గెలిచాడు. మూడో పార్టీ కావాలనుకునే వాళ్లు నాలుగేళ్లకోసారి ప్రెసిడెంట్ అభ్యర్థిని నిలబెట్టే బదులు, ముందు వాళ్ల రాష్ట్రంలో ఈ పద్ధతి కోసం కొట్లాడితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.