చోక్ తీస్తే ఆగిపోతున్న పంపు ఇంజన్

ప్రశ్న: మా చిన్న పెట్రోల్ ఇంజన్ వాటర్ పంపుని కొన్ని నెలలు వాడకుండా పక్కన పెట్టామండి. ఇప్పుడు తాడు లాగితే స్టార్ట్ అవుతుంది కానీ చోక్ తీయగానే ఆగిపోతుంది, సగం చోక్ మీద అయితే నడుస్తుంది. కార్బొరేటర్ విప్పి క్లీన్ చేయిస్తే కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ అదే గొడవ. కొత్త కార్బొరేటర్ వేయించాలా?

జవాబు: వద్దండి, అప్పుడే డబ్బులు పెట్టకండి. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువ లాగుతుంది కదా, అలా అయితేనే నడుస్తోందంటే మామూలుగా ఇంజన్‌కి పెట్రోల్ చాలట్లేదని అర్థం. ఎక్కువగా జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) మూసుకుపోయే ఇలా అవుతుంది. తక్కువ స్పీడులో పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ రంధ్రం ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనని నలక చాలు అది పూడిపోవడానికి.

క్లీన్ చేశాక మళ్లీ వచ్చిందంటే నేనైతే ముందు ట్యాంకునే అనుమానిస్తా. చాలామంది కార్బొరేటర్ ఒక్కటే కడిగి ఊరుకుంటారు, చెత్త మాత్రం పైనుంచి దిగుతూనే ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, నీళ్లుంటే అడుగున విడిగా పొరలా చేరతాయి, తుప్పు ఉంటే ఎర్రటి పొడిలా దిగుతుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ అయితే ఘాటు వాసన మారిపోయి వార్నిష్‌లా కొడుతుంది, అలా పాడైన పెట్రోల్ జిగురే జెట్‌లో గట్టిపడేది. ఇందులో ఏది కనిపించినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగి, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాకే కార్బొరేటర్ ముట్టుకోండి.

జెట్‌లో పిన్నీసు, ఇనప తీగ లాంటివి అస్సలు గుచ్చొద్దండి, ఇత్తడి మెత్తన, రంధ్రం కొంచెం పెద్దదైనా పెట్రోల్ కొలత తప్పుతుంది. రబ్బరు రింగులు తీసి పక్కన పెట్టి, కళ్లలో పడకుండా రక్షణ అద్దాలు పెట్టుకుని కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి. ఇటు కొడితే అటు ధారగా రావాలి, రాకపోతే లోపల చెత్త ఇంకా ఉన్నట్టే.

ఇంకోటి, బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది, అదే ఫ్లోట్ నీడిల్, దాని కింద నలక ఇరుక్కుంటే కథ తిరగబడుతుంది, పెట్రోల్ ఆగకుండా పొంగి ఒక్కోసారి సిలిండర్ దాటి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పెట్రోల్ వాసనొస్తే మార్చేదాకా స్టార్ట్ చేయకండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టినా గాలి తగ్గి నల్లపొగ వస్తుంది, అది కూడా చూసుకోండి. ఫిల్టర్ తీసేసి మాత్రం నడపొద్దు, దుమ్ము నేరుగా పిస్టన్ మీదకే పోతుంది.

మళ్లీ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, బౌల్‌లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపండి. ఇంత చేశాక కూడా కార్బొరేటర్ లోపలి దారులు తెల్లగా బూజులా తినేసి కనిపిస్తే అప్పుడు కొత్తది వేయించండి.