పెంపకం పుస్తకాలు పక్కన పెట్టి ఏం చదవాలి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దాడికి ఆరేళ్ళు చిన్నదానికి మూడు. పెళ్ళికి ముందు బాగా చదివేదాన్ని, కానీ అన్నీ కథలూ నవలలే. ఇప్పుడు నిజంగా జరిగినవి, ఏదైనా కొత్తగా తెలిసేవి చదవాలని ఉంది. ఎవర్ని అడిగినా పిల్లల పెంపకం పుస్తకమే చేతిలో పెడుతున్నారు. మా ఆడపడుచు ఇచ్చినదాంట్లో ముప్పై పేజీలు చదివేసరికి నేను చేసేదంతా తప్పే అనిపించి మూసేశాను. నాకేం చదవమంటారు?

జవాబు: మూసేసి మంచి పని చేశారండీ. నేనూ ఆ స్టేజ్ దాటొచ్చినదాన్నే. మా పాప పుట్టిన కొత్తలో దిండు పక్కన నాలుగు పెంపకం పుస్తకాలుండేవి, ఒకటేమో ఏడవగానే ఎత్తుకో అంటుంది, ఇంకోటి కాసేపు ఏడవనీ అంటుంది, నేను మాత్రం రాత్రి రెండింటికి పాపని ఓ చేత్తో ఎత్తుకుని ఇంకో చేత్తో పేజీలు తిప్పుతూ కూర్చునేదాన్ని. అసలు చదవొద్దని కాదు గానీ వాటిని వేదంలా పట్టుకోవద్దు.

డాక్టర్ బెంజమిన్ స్పాక్ అని ఒకాయన 1946లో పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకం కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. అందులో మొదట్లోనే తల్లులకి ధైర్యం చెప్తాడు, మీకేం తెలీదనుకుంటున్నారు గానీ మీకు చాలా తెలుసు అని. ఎంత బావుందో కదా! అదే పుస్తకం తర్వాతి ఎడిషన్లలో పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని రాశాడు, వెల్లకిలా పడుకుని కక్కుకుంటే ఊపిరాడదేమో అని. తీరా చూస్తే బోర్లా పడుకునే పిల్లల్లోనే ఉన్నట్టుండి నిద్రలో చనిపోవడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దని చెప్పింది, 1994లో వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ప్రచారమే మొదలుపెట్టారు. అందుకని అటకమీద దొరికిన పాత పెంపకం పుస్తకం మీద ఎంత గొప్ప పేరున్నా సరే, ఏ సంవత్సరంలో అచ్చయిందో ముందు చూడండి, ఆరోగ్యం విషయాలు మాత్రం మీ డాక్టర్నే అడగండి.

ఈ రకంలో నేను దాచుకున్నది ఒక్కటే, అడెల్ ఫేబర్, ఎలెయిన్ మజ్లిష్ కలిసి 1980లో తెచ్చిన 'హౌ టు టాక్ సో కిడ్స్ విల్ లిజన్', టైటిల్ ఇంకా పొడుగ్గా ఉంటుంది లెండి. మధ్యమధ్య బొమ్మలుంటాయి, నిద్రమత్తులో కూడా చదవచ్చు. ఓసారి మా పాప బొమ్మకి చెయ్యి ఊడిపోయింది. మామూలుగా అయితే పోనీలే ఇంకోటి కొందాం అనేదాన్ని, ఆ రోజు మాత్రం పుస్తకం గుర్తొచ్చి "అయ్యో, అది నీకు చాలా ఇష్టం కదే" అని ఊరుకున్నా. ఇంకో రెండు నిమిషాలు ఏడ్చి, తనే లేచెళ్ళి టేపు తెచ్చుకుంది. ప్రతిసారీ ఇలా అవుతుందని మాత్రం అనుకోకండి!

ఇక అసలు మీరడిగింది. 'రైలుబడి' దొరికితే ముందు అది చదవండి, జపాన్ నటి తెత్సుకో కురొయనగి తన చిన్నప్పటి బడి గురించి 1981లో రాసింది, మన తెలుగులోకి వచ్చింది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి పంపించేసిన పిల్ల, పాత రైలుపెట్టెలే క్లాసురూములుగా ఉన్న ఇంకో బడికి వెళ్తుంది. మొదటిరోజు హెడ్మాస్టరు సొసాకు కొబయాషి వాళ్ళమ్మని ఇంటికి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు అంటాడు. ఆ పిల్ల చెప్పీ చెప్పీ ఇంక చెప్పడానికేమీ లేనంతవరకూ, నాలుగు గంటలసేపు వింటాడు. ఒక్క ఆవులింత లేదు. ఇందులో సలహా అంటూ ఒక్కటీ ఉండదు, కానీ అది చదివిన వారమంతా మా పాప మాట్లాడుతుంటే నా చేయి ఫోన్ మీదకి పోలేదు.

తర్వాత, మనసు గట్టి చేసుకుని, రెబెక్కా స్క్లూట్ రాసిన 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్'. అమెరికాలో ఐదుగురు పిల్లల తల్లి, నల్లజాతి ఆవిడ, 1951లో 31 ఏళ్ళకే గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌తో పోయింది. ఆమెని అడక్కుండానే కొంచెం కణజాలం తీసి ల్యాబ్‌కి పంపారు. మామూలుగా ల్యాబ్‌లో కొన్నాళ్ళకి చచ్చిపోయే కణాలు ఆవిడవి మాత్రం పెరుగుతూనే పోయాయి, పోలియో టీకా పరీక్షలకి అవే వాడారు, ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో హీలా కణాలంటే అవే. ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళు దాటేదాకా తెలీదు. తల్లి పోయేటప్పటికి పసిపిల్లగా ఉన్న కూతురు డెబొరా, పెద్దయ్యాక ఓ రోజు ల్యాబ్‌కి వెళ్తే, ఫ్రీజర్లోంచి తీసిన చిన్న సీసా ఆమె చేతిలో పెడతారు. అది చల్లగా ఉందని రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది నోటితో వెచ్చగా ఊదుతుంది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టేసి పాప గదిలోకెళ్ళి దుప్పటి సరిచేసి వచ్చా, అది సరిగ్గానే ఉంది అప్పటికే.

ప్రశ్న: నేను కామర్స్ చదివాను. మా బాబు భూమి వయసెంత, ఎవరు లెక్కపెట్టారు అని అడుగుతున్నాడు. నిద్ర రాకుండా చదివించే సైన్స్ పుస్తకం ఉందా మేడమ్?

జవాబు: ఉంది, బిల్ బ్రైసన్ 2003లో రాసిన 'ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ నియర్లీ ఎవ్రీథింగ్'. ఆయనా సైంటిస్టు కాదు, ప్రయాణాల గురించి సరదాగా రాసుకునే మనిషి, తనకేమీ తెలీదని తెలిసి అందర్నీ అడుగుతూ పోయాడు. షార్ట్ అన్నాడు గానీ లావు పుస్తకమే. మీ బాబు ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే సైంటిస్టు ఉల్కల్లో ఉన్న సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1950లలో తేల్చాడు. కానీ కొలవబోతే లెక్కలు కుదిరేవి కావు, ఎందుకంటే గాల్లో, బల్లమీద, ఎక్కడ చూసినా సీసమే! ల్యాబ్ మొత్తం కడిగీ కడిగీ చివరికి ఆరా తీస్తే, అందులో చాలా భాగం పెట్రోల్లో కలిపే సీసం నుంచి వస్తోందని బయటపడింది. చిన్నపిల్లల మెదడుకి అది ఎంత చెడ్డదో ఇప్పుడు అందరికీ తెలుసు, ఆయన మాత్రం అప్పట్లో ఏళ్ళ తరబడి కంపెనీలతో ఒంటరిగా కొట్లాడాడు. కార్లకి సీసం కలిపిన పెట్రోలు అమ్మడం ప్రపంచం మొత్తం మీద ఆగిపోయింది ఎప్పుడనుకున్నారు, 2021లో. మీ బాబుకి భూమి వయసు చెప్పండి, ఈ కథ మీకు.

ప్రశ్న: నాన్‌ఫిక్షన్ అంటే అందులో ఉన్నవన్నీ నిజాలేనా?

జవాబు: కాదు. నేను మోసపోయిందే చెప్తా. ఒక చాక్లెట్ పిల్లల ముందు పెట్టి, నేనొచ్చేదాకా తినకపోతే రెండిస్తా అనే పరీక్ష గురించి వినే ఉంటారు, వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు దాన్ని తీపి బిళ్ళలతో చేశాడు, ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారని ఎన్నో పుస్తకాల్లో రాశారు. నేనూ మా పాప మీద ప్రయోగం చేశా, తలుపు మూసేలోపే తినేసింది, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్ళీ లెక్క చూస్తే, ఇంటి పరిస్థితులు, తల్లి చదువు లాంటివి కలుపుకున్నాక ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. నోబెల్ వచ్చిన సైకాలజిస్టు డేనియల్ కానెమన్ కూడా తన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో'లో ఒక చాప్టర్‌లో చిన్నచిన్న ప్రయోగాల్ని అతిగా నమ్మానని 2017లో ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం చదవండి, నాలుగో చాప్టర్ దగ్గర మాత్రం కొంచెం అనుమానంగా చదవండి.

ప్రశ్న: పుస్తకం పట్టుకుంటే రెండో పేజీలో నిద్రొస్తోంది. ఆడియోలో వింటే చదివినట్టేనా?

జవాబు: చదివినట్టే. నేను బ్రైసన్‌ది సగం బట్టలు మడతపెడుతూ విన్నదే. నచ్చకపోతే మధ్యలో ఆపేయండి, మొదటి చాప్టర్ నుంచే మొదలెట్టాలనీ లేదు. మొన్న ఒక సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మర్చిపోయి స్పీకర్ ఆన్ చేశా, మా పాప వచ్చి పక్కన కూర్చుని "ఉల్క అంటే?" అంది, ఆపి చెప్పా, ఆ రోజు బట్టలు తెల్లారేదాకా మంచం మీదే ఉండిపోయాయి.